కడుపు నిండిన జలగ

మిర్యాలగూడలో జనార్దన్ సారు ఇల్లెక్కడని అడిగితే ఎవరికీ తెలియదు. జలగల సారు ఇల్లెక్కడని అడగండి, రైసు మిల్లు ముందు సోడాలు కొట్టేవాడు చేతిలో పని వదిలేసి మరీ వచ్చి గుమ్మం దాకా దిగబెడతాడు. లోపలికి రమ్మంటే మాత్రం రాడు. "ఇంటికాడ పనున్నది సారూ" అంటాడు. ఆ గుమ్మం ముందుకు రాగానే ఊళ్లో ప్రతి ఒక్కరికీ ఇంటి దగ్గర పని గుర్తొస్తుంది.

పాపం, ఆ మనిషి చేసిన నేరమేమీ లేదు. మెదడు మీద పరిశోధన మొదలుపెట్టాడు, అంతే. మెదడులో ఏ కణానికి ఏ కణంతో లంకె ఉంది, ఒకటి చెప్పిన మాట రెండోదానికి ఏ దారిన చేరుతుంది, ఇదీ ఆయన వెతుకులాట. మనిషి మెదడు పట్టుకుని ఉంటే ఊరంతా చేతులు కట్టుకుని నిలబడేది. ఆయన పట్టుకున్నది జలగ మెదడును. అది కూడా పెళ్లి మైకు సెట్టు పెట్టి.

దీనికంతటికీ మొదలు నిడమనూరు పొలంలో. సాగర్ కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో మడిలో దిగిన జనార్దన్ పిక్కకు జలగ పట్టింది. ఇంకో పిల్లవాడైతే ఏడ్చి గోల చేసేవాడు. ఇతగాడు గట్టు మీద కూర్చుని గడ్డిపోచతో దాని తోక పొడిచాడు. పొడిచింది తోక దగ్గర, ముడుచుకున్నది ఒళ్లంతా. తోక సంగతి తలకు ఎవరు చెప్పారు? పరుగెత్తుకుపోయి తల్లిని అడిగాడు. "దానికి మెదడెక్కడిదిరా, ఉన్నదంత నోరే! ముందు పీకి పారెయ్" అని నెత్తి మీద ఒకటిచ్చింది. దెబ్బ మర్చిపోయాడు గానీ ప్రశ్నను మర్చిపోలేదు.

హైదరాబాదులో జువాలజీ ఎమ్మెస్సీ చదివేటప్పుడు సగం జవాబు దొరికింది. జలగ పొట్ట లోపల, దారానికి పూసలు గుచ్చినట్టు, నరాల ముడులు వరసగా ఉంటాయి. ఒక్కో ముడీ ఒక చిట్టి మెదడు. లెక్క తీస్తే ముప్పై పైచిలుకు. 1983లో సూర్యాపేట కాలేజీలో లెక్చరరుగా చేరిన మొదటి వారమే ఈ ముక్క క్లాసులో చెప్పాడు. "జలగకు ముప్పై మెదళ్లా సార్! మా కాక వార్డు మెంబరు, ఆయనకు ఒక్కటన్న ఉంటే బాగుండు" అన్నాడు వెనక బెంచీవాడు. క్లాసంతా నవ్వింది. జనార్దన్ కూడా నవ్వాడు. ఆ ఏడాదే పీహెచ్‌డీకి పేరు నమోదు చేయించుకున్నాడు.

సూర్యాపేటలో ఇంటి యజమాని దుర్గయ్యకు ఈ నవ్వులేవీ లేవు. ఒకనాడు మంచినీళ్ల గాబులో చెంబు ముంచితే చెంబుతో పాటు ఒక జలగ కూడా వచ్చింది. "నేను కిరాయికిచ్చింది మనుషులకయ్యా. వీటికి వేరే ఇల్లు సూస్కో" అన్నాడు. జలగలకు వేరే ఇల్లు ఎవరిస్తారు? సీసాలు సంచిలో సర్దుకుని జనార్దన్ కూడా వాటితో పాటే ఇల్లు మారాడు. దారిలో బస్సు కుదుపుకు ఒక సీసా మూత ఊడింది. అంతే, పాతికమంది ప్రయాణికులు కాళ్లు పైకెత్తుకుని సీట్ల మీద గొంతుక్కూర్చున్నారు. ఒక పెద్దాయన ఏకంగా టాపెక్కాడు. కండక్టరు మాత్రం తలుపు పట్టుకుని వేలాడుతూనే, "సార్, ఇవి లగేజా, ప్యాసింజర్లా? టికెట్ ఏం గొట్టాలె?" అని అడిగాడు. డ్యూటీ అంటే అదీ!

పెళ్లి కూడా అలాగే జరిగింది. ఆండాళుది తుంగతుర్తి. అబ్బాయి డాక్టరు కాబోతున్నాడని పెద్దలు చెబితే వాళ్ల నాన్న పొంగిపోయాడు. ఏ డాక్టరో అడగలేదు. కాపురానికి వచ్చిన వారానికి, మామిడికాయ తొక్కు కోసం జాడీ మూత తీసింది ఆండాళు. తీసి, ఆ ఒక్క కేకతో వాడకట్టు వాడకట్టునంతా గుమ్మంలోకి పిలిచింది. "డాక్టరన్నరు గదా!" అని ఏడుస్తూ అడిగితే, "అయితనే ఉన్నా" అన్నాడు జనార్దన్, ఎంతో నమ్మకంగా. ఆ 'అయితనే ఉన్నా' పదేళ్లు సాగింది. ఈలోపు మిర్యాలగూడకు బదిలీ అయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, జాడీలు మూడయ్యాయి.

ఇక మైకు సెట్టు సంగతి. నరంలో నడిచే కబురు చాలా చిన్నది. దాన్ని పట్టే మిషన్లు ఢిల్లీలో, బెంగళూరులో ఉంటాయి గానీ మిర్యాలగూడ కాలేజీలో ఎందుకుంటాయి? అక్కడ ఉన్న ఒకే ఒక్క మైక్రోస్కోపులో సాలీడు కాపురం పెట్టింది. జనార్దన్ ఆలోచించి ఆలోచించి కోదాడ వెళ్లి సైదయ్యను పట్టుకున్నాడు. సైదయ్యకు పెళ్లిళ్లకు మైకులు కట్టే షాపుంది. చిన్న చప్పుడును పెద్ద చెయ్యడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు.

"ఎవరి పెళ్లి సార్?" అన్నాడు సైదయ్య.

"పెళ్లి కాదు. జలగ నరం మాట్లాడుతది. అది మనకు ఇనబడాలె."

సైదయ్య లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. "తాగండి సార్. ఎండనపడి వచ్చినట్టున్నారు" అన్నాడు మెల్లగా.

కానీ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక వదల్లేదు కూడా. వెంట్రుకంత గాజు గొట్టంతో నరం కొసను పట్టి, తీగను ఆంప్లిఫయరుకు కలిపి, హారన్ పెట్టి స్విచ్చి వేశారు. హారన్ గురగురలాడి, గొంతు సవరించుకుని, "వరిలో దోమపోటు నివారణకు రైతు సోదరులు..." అని మొదలుపెట్టింది. సైదయ్యకు ఒళ్లు జలదరించింది. "సార్, ఇది మామూలు జలగ కాదు. పొలంల పుట్టింది గదా, అన్నీ తెలుసు దీనికి" అన్నాడు చేతులు జోడించి. ఆ తీగ ఏరియల్‌లా రేడియోను పట్టేస్తోందని జనార్దన్ కనిపెట్టేసరికి సాయంత్రమైంది. చివరికి జలగను, తీగను అన్నింటినీ ఒక ఖాళీ నూనె డబ్బాలో పెట్టి మూశాక రేడియో నోరు మూతపడింది.

అప్పుడు వినిపించింది. చర్మం మీద కుంచెతో తాకితే ముందు సన్నగా 'టిక్'. అది చర్మం చెప్పిన కబురు. వెంటనే బొంగురుగా 'టరటరటర'. అది నరాల ముడి ఇచ్చిన జవాబు. తాకితే టిక్, వెనకే టరటర. జనార్దన్ ఆ డబ్బా ముందు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గట్టు మీద అడిగిన ప్రశ్నకు జలగే నోరు తెరిచి జవాబు చెబుతోంది మరి. సైదయ్యకు ఏమీ అర్థం కాకపోయినా తోడుగా కళ్లు తుడుచుకున్నాడు.

అక్కడి నుంచి ఏ కణం అడుగుతుంది, ఏ కణం బదులిస్తుంది అని ఒక్కొక్క లంకె పట్టుకుంటూ పోయాడు. జలగలు తెచ్చిచ్చేది మంగ్లీ. దామరచర్ల వైపు తండాలో ఉంటుంది, నాట్లకు నిడమనూరు దాకా వస్తుంది. నాటేసేటప్పుడు కాళ్లకు పట్టిన జలగల్ని మిగతావాళ్లు గట్టు మీద పారేస్తే, మంగ్లీ సత్తు గిన్నెలో వేసి మూత పెట్టి తెచ్చేది. ఆమె లెక్కలో అవి సారు పశువులు. "నీ బర్లు తెచ్చిన సారూ" అని వాకిట్లోంచే కేకేసేది. లోపల ఆండాళు పిల్లల్ని మంచం మీదికి ఎక్కించేది.

మంగ్లీకి ఒకటే బాధ. జనార్దన్ వాటిని నెలల తరబడి పస్తు పెట్టేవాడు. ఆకలి మీదున్న జలగే పరిశోధనకు పనికొస్తుందని పుస్తకాల్లో ఉంది. ఎందుకని ఆయన అడగలేదు. "బక్కసిక్కినయ్ సారూ! ఎప్పుడు తింటయి?" అని మంగ్లీ అడిగితే, "పరీక్ష అయినంక" అనేవాడు. అయ్యో అయ్యో అని నోరు కొట్టుకుంటూ పోయేది.

ఆ పరీక్ష 1994 వానాకాలంలో రానే వచ్చింది. పరీక్షకుడిగా ప్రొఫెసర్ కొండలరావుగారు కోస్తా నుంచి వస్తున్నారు. పెళ్లి మైకుతో నరం మాట విన్నానని థీసిసులో రాస్తే ఆయన నమ్మలేదు. ఇంటికే వచ్చి చెవులారా వింటాను, వినబడితేనే సంతకం పెడతానన్నారు. జనార్దన్ రిజిస్ట్రేషనుకు గడువు మీద గడువు అడిగాడు. ఇక ఇచ్చేది లేదని యూనివర్సిటీ తెగేసి చెప్పింది. ఇప్పుడు తప్పితే పదేళ్ల చాకిరీ బూడిదలో పోసినట్టే. జలగల సారు జలగల సారుగానే మిగిలిపోతాడు. డాక్టరన్న మాట కలలో కూడా ఉండదు.

ఆ పొద్దున ఆండాళు బాత్రూంలోంచి అరిచింది. "ఇగో, వారం కింద మీ సీసాలకెల్లి తప్పిపోయిన జలగ గీడనే ఉన్నది! గిన్నె బోర్లించిన. వచ్చి తీస్తరా, తియ్యరా?" జనార్దన్‌కు చెవికెక్కలేదు. ఆయన ధ్యాసంతా పెరట్లో నీళ్ల గోలెం మీద ఉంది. అందులో ఏరి ఏరి దాచుకున్న జలగలు, నెలల నుంచి కడుపు మాడ్చుకుని, నీడ పడితే చాలు పైకి లేచే జలగలు ఉన్నాయి.

బస్సు ఆలస్యమై ప్రొఫెసరుగారు దిగేసరికి భోజనాల వేళయింది. అదే బస్సులో కోదాడలో ఎక్కిన సైదయ్య హారన్‌ను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. జనార్దన్ ప్రొఫెసరుగారిని నేరుగా నూనె డబ్బా దగ్గరికి తీసుకుపోబోతే ఆండాళు అడ్డం నిలబడింది. "ఇంటికొచ్చిన మనిషిని తిండి పెట్టకుండ జలగల ముందర కూసోబెడ్తరా? సిగ్గుండాలె" అంది చెవిలో. బగారన్నం, నాటుకోడి కూర, పచ్చిపులుసు, మీద గట్టి పెరుగు, పరమాన్నం. "అబ్బే, నేను చాలా మితంగా తింటానమ్మా" అన్నారు కొండలరావుగారు. అన్నాక మూడుసార్లు వడ్డించుకున్నారు. జనార్దన్ ఒక్క ముద్ద ముట్టలేదు, పచ్చి మంచినీళ్లు కూడా తాగలేదు.

తిన్నాక ప్రొఫెసరుగారు పడక్కుర్చీలో ఒరిగారు. సైదయ్య అలవాటు కొద్దీ డబ్బాలోకి వంగి, "హలో, మైక్ టెస్టింగ్, హలో" అన్నాడు. ఎవరిదో పెళ్లనుకుని వీధిలో జనం పోగయ్యారు. జనార్దన్ జలగను కోసి, నరం పట్టి, చర్మాన్ని కుంచెతో తాకాడు.

టిక్.

అందరూ చెవులు రిక్కించారు. టరటర రాలేదు. మళ్లీ తాకాడు. టిక్. అంతే. ఇంకో జలగను తీశాడు. దానిదీ అదే కథ. గోలెంలో ఉన్నవాటిని గడ్డిపోచతో పొడిస్తే ముడుచుకోలేదు, ఈదలేదు. అత్తారింట్లో పండక్కి తిన్న అల్లుళ్లలా అడుగున పడి ఉన్నాయి.

"ఏమయ్యా జనార్దన్, మీ జలగలు తపస్సులో ఉన్నట్టున్నాయే" అన్నారు ప్రొఫెసరుగారు సగం కళ్లు మూసుకుని. "నాకు సాయంత్రం బస్సుంది. కాసేపు చూస్తాను. కాకపోతే మరి నేనేం చెయ్యలేను."

జనార్దన్ పెరట్లోకి పోయి గోలెం పట్టుకుని నిలబడ్డాడు. అక్కడ మంగ్లీ గోడకానుకుని కూర్చుని ఉంది. రెండు పిక్కలకూ పసుపు అద్దిన గుడ్డ కట్లు. కట్ల మీద రక్తం చెమ్మ.

"ఏమైంది మంగ్లీ కాళ్లకు?"

మంగ్లీ నోరంతా తెరిచి నవ్వింది. "ఇయ్యాల నీ పరీచ్చ గదా సారూ. పొద్దుగాల నువ్వు బస్టాండుకు పోయినంక నేను, మా తండా రంగి ఈ గోలెంల కాళ్లు పెట్టి కూసున్నం. అన్నీ కడుపునిండ తాగినయ్. ఒక్కటి గూడ పస్తు లేదు!"

జనార్దన్‌కు కోపం నెత్తికెక్కింది. "కొంప ముంచినవ్ గదనే! నా పదేండ్ల కష్టం ఖతం జేసినవ్! ఎవరు పెట్టమన్నరు నిన్ను?"

మంగ్లీ మొహం చిన్నబోయింది. "ఎడ్లకు కడుపు నింపకుండ నాగలి కడ్తమా సారూ? గంత పెద్ద సారు ముందర అవి ఆకలికి కింద పడితే నీకే గదా నామోషీ అనుకున్న" అంది. తలవంచుకుని కట్టు సర్దుకుంది. ఆ కట్టు చూసి జనార్దన్‌కు తన అరుపే తనకు చెంపదెబ్బలా తగిలింది. లోపలికి నడిచాడు, ప్రొఫెసరుగారి కాళ్లమీద పడి ఇంకో రోజు అడుగుదామని.

ప్రొఫెసరుగారు పడక్కుర్చీలో ఉన్నారు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆయన ముక్కు మీద ఒక ఈగ వాలింది. కొన దాకా నడిచింది, వెనక్కి తిరిగి కళ్లజోడు దాకా పోయింది, మళ్లీ వచ్చింది. ఆయన ముక్కు కొంచెం ముడిచారు గానీ చెయ్యి మాత్రం లేపలేదు. జనార్దన్ అలాగే నిలబడి చూశాడు. చూస్తూ చూస్తూ ఒక్క గావుకేక పెట్టాడు.

"సార్! మీ ముక్కు మీద ఈగ వాలింది!"

"తెలుసయ్యా" అన్నారు ప్రొఫెసరుగారు విసుగ్గా. "తెలియకేం? కానీ మీ ఆవిడ పెట్టిన తిండికి చెయ్యి ఎవరు లేపుతారు?"

"అదే సార్! అదే! తెలుస్తున్నది, లేపబుద్ధి అయితలేదు! టిక్కు వస్తున్నది, టరటర వస్తలేదు!" జనార్దన్ గదిలో గంతులేశాడు. "లంకె తెగలేదు సార్. కబురు పోతనే ఉన్నది. కడుపు నిండింది గాబట్టి లోపల జవాబిచ్చేటోడు చెయ్యెత్తుతలేడు. ఇన్నేండ్లు నేను ఆకలిగొన్న జలగనే అడిగిన. కడుపు నిండినదాన్ని ఒక్కనాడు అడగలేదు!"

కొండలరావుగారు మొదటిసారి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఈగ లేచిపోయింది. "బాగానే ఉందయ్యా. కానీ నేను నమ్మాలంటే ఆకలిగా ఉన్న జలగ కూడా ఒకటి కావాలిగా. ఒకటైనా ఉందా?"

లేదు. మంగ్లీ ఒక్కదాన్ని కూడా పస్తు ఉంచలేదు. జనార్దన్ మొహం మళ్లీ వాడిపోయింది.

వంటింట్లోంచి ఆండాళు గొంతు ఖంగుమంది. "పొద్దుగాల్నుంచి మొత్తుకుంటున్న గదా, బాత్రూంల గిన్నె కింద ఉన్నదని! నా మాట ఎవలు ఇంటరు ఈ ఇంట్ల?"

జనార్దన్ పరుగెత్తిన పరుగుకు చెప్పు ఒకటి గుమ్మం దగ్గరే ఉండిపోయింది. గిన్నె ఎత్తీ ఎత్తగానే జలగ ఆయన బొటనవేలుకే తగులుకుంది. ఆకలంటే అదీ! అది నెత్తురు తాగేలోపే ఊడబెరికి, కోసి, డబ్బాలో పెట్టి, నరం పట్టి, కుంచెతో తాకాడు.

టిక్. టరటరటరటర!

హారన్ వీధి వీధంతా మోగింది. బయట జనం, ఎందుకో తెలియకపోయినా, చప్పట్లు కొట్టారు. సైదయ్య కండువా ఎగరేశాడు. ప్రొఫెసరుగారు లేచొచ్చి కుంచె తానే పుచ్చుకుని ఒకసారి కడుపు నిండినదాన్ని, ఒకసారి ఆకలిదాన్ని తాకుతూ, విని విని, బస్సు సంగతే మర్చిపోయారు. "ఈ సంగతి మీద ఇంకో అధ్యాయం రాసివ్వు. ఆకలివీ, తిన్నవీ పక్కపక్కన పెట్టి మళ్లీ మళ్లీ చూసి రాయి. గడువు సంగతి నేను యూనివర్సిటీతో మాట్లాడతాను" అన్నారు. సంతకం పెట్టారు. పెట్టి, "అమ్మా, ఆ పరమాన్నం ఇంకేమైనా మిగిలిందా?" అని అడిగారు.

మరుసటి ఏడు డాక్టరేటు వచ్చింది. ఆండాళు గుమ్మానికి 'డాక్టర్' అని బోర్డు పెట్టించింది. బోర్డు చూసి నడుము నొప్పివాళ్లు ఇద్దరు వచ్చారు గానీ, సీసాలు చూసి ఇంటికాడ పనుందని పోయారు. ఊరు ఆయన్ని జలగల సారనే పిలిచింది.

ఆ నాట్ల కాలంలోనే జనార్దన్ కొత్త చీర ఒకటి కొని మంగ్లీ తండాకు వెళ్లాడు. ఆనాడు నోరు పారేసుకున్నందుకు ఏమేం చెప్పాలో దారంతా అనుకుంటూ పోయాడు. మంగ్లీ చెప్పనియ్యలేదు. "ముందు తిను సారూ" అని జొన్నరొట్టెలు, కోడికూర పెట్టింది. వద్దంటే ఇంకోటి వేసింది. తిని లేచేసరికి అనుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. చీర చేతిలో పెట్టి, "మంగ్లీ, ఆనాడు..." అని ఆగిపోయాడు. "ఆనాడు బాగనే తిన్నయ్ గదా" అంది మంగ్లీ చీర మడత విప్పి చూసుకుంటూ.

బస్సు దాకా దిగబెడతానని మడి గట్టు వెంట నడిచింది. జనార్దన్ కాలు జారి మోకాలి దాకా బురదలో దిగాడు. పైకి తీస్తే పిక్కకు జలగ వేలాడుతోంది.

"ఆగు సారూ, పీకుత!" అని మంగ్లీ వంగింది.

జనార్దన్ గట్టు మీద చతికిలబడ్డాడు. కడుపు నిండుగా ఉంది, చల్లగా గాలి వీస్తోంది. జలగ పట్టింది తెలుస్తూనే ఉంది. చెయ్యి మాత్రం లేవలేదు.

"తాగనీయ్ మంగ్లీ" అన్నాడు. "దానికి గూడ రేపు ఏదన్న పరీచ్చ ఉన్నదేమో."